ఇల్లు అమ్ముటకు ముందు ఇల్లు సర్దుట

(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో రెండు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము వెనుకాడినాము. మేము రైల్వేలో గుమాస్తా పని చేయువారము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. కవిత్వము రాదు, పంచాంగము చదువుట రాదు. ఏ కాగితము ఏ కట్టలో ఉండవలెనో చూచి ఆ కట్టలో పెట్టుట మాత్రము వచ్చును. అందుచేత మా పనికి దగ్గరగా ఉన్న విషయమునే తీసికొన్నాము. ఇల్లు అమ్ముటకు ముందు ఇల్లు సర్దుట ఎట్లు అన్నదే ఆ విషయము.

పండుగనాడు ఇదేమి విషయమని కొందరు నవ్వవచ్చును. కాని పండుగ వచ్చుచున్నదనగానే మనము మొదట చేయు పని ఏమిటి? బూజు దులుపుట, అటక దించుట, పాత చాపలు ఎండలో వేయుట. భోగినాడు పనికిరాని పాతదంతా మంటలో వేయుట మనకు పుట్టుకతో వచ్చిన విద్య. ఇల్లు అమ్మునప్పుడు ఆ పనియే ఒక్కసారిగా, పెద్ద ఎత్తున చేయవలసి వచ్చును. తొందరలో దేనిని మంటలో వేయుచున్నామో చూడకుండ వేయుదుము. ఈ ఖుర్దారోడ్డు జట్నీలో మన వీధులలోని ఇండ్లు ఈ మధ్య ఒకటొకటిగా చేతులు మారుచున్నవి. పిల్లలు బెంగుళూరులో, హైదరాబాదులో, విశాఖపట్నములో ఉద్యోగములు చేయుచున్నారు. ఇంట్లో మిగిలినది ముసలి తల్లియో, తాళము కప్పయో. ఇల్లు అమ్ముట తప్పని చెప్పుటకు మేము రాలేదు. మా ఇల్లు మేమే అమ్మినాము. ఆ పని చేయునప్పుడు తెలిసికొన్న సంగతులు మీకు ఉపయోగపడునని చెప్పుచున్నాము.

మొదట మన ఇండ్ల సంగతి చూడుడు. 1893 - 1896 సంవత్సరముల మధ్య బెజవాడ నుండి కటకము వరకు ఈస్టు కోస్టు రైలు మార్గము వేసినారు. ఆ పట్టాల వెంబడి మన పెద్దలు సోంపేట, పలాస, టెక్కలి, చీపురుపల్లి వైపుల నుండి వచ్చి ఖలాసీలుగా, గ్యాంగు మనుష్యులుగా, ఫైర్‌మనులుగా చేరినారు. నౌకరి ఉన్నన్నాళ్ళు రైల్వే క్వార్టర్సే ఇల్లు. రిటైరు కాబోవు ముందు పొదుపు చేసిన డబ్బుతో రెండు గదుల ఇల్లు కట్టుకొన్నారు. క్వార్టర్సు ఖాళీ చేసిననాడు ముప్పది ఏండ్ల సామాను ఆ రెండు గదులలోనికి వచ్చి చేరినది. ఊరిలో ఉన్నవారికి పొలము గట్టు, గుడి, కరణము లెక్క, పది మంది దాయాదులు సాక్ష్యము. వలస వచ్చిన వారికి ఆ సాక్ష్యము లేదు. మనము ఎక్కడి నుండి వచ్చినామో, ఎవరి బిడ్డలమో చెప్పునది ఇంటిలోని ట్రంకు పెట్టె ఒక్కటే.

ఆ పెట్టెలో మూడు లిపులు ఉండును. ఇంటి దస్తావేజు ఒడియాలో ఉండును. తాతగారి నౌకరి కాగితములు ఇంగ్లీషులో ఉండును. ఊరినుండి వచ్చిన ఉత్తరములు తెలుగులో ఉండును. మన పెద్దలలో చాలమందికి తెలుగు తప్ప వేరొకటి చదువ రాదు. మన పిల్లలకు ఒడియా, ఇంగ్లీషు వచ్చును గాని తెలుగు ఉత్తరము ఇచ్చిన తలక్రిందులుగా పట్టుకొందురు. మా తరము వారికి బడిలో ఒడియా వచ్చినది, మామ్మ దగ్గర తెలుగు వచ్చినది. అన్నీ చదువగలవారు ఒక్క ఇంట్లో కూర్చుండు కాలము కొద్దియే. అందుచేత మేము చెప్పదలచిన మాట ఒక్కటే. ఇల్లు ఎప్పుడైన అమ్మవచ్చును. పెట్టె మాత్రము చదువగల మనిషి ఉండగానే తెరువవలెను.

మా ఇంట జరిగినది చెప్పెదము. తాతయ్య పోయిన పిమ్మట ఇల్లు అమ్మి పంచుకొందమని నిర్ణయమైనది. బాబాయి, అత్తయ్య, మేము అందరమును నాలుగు రోజుల సెలవు పెట్టి వచ్చినాము. అటక మీద ఒక బిస్కట్ల రేకుడబ్బా దొరికినది. నిండ చిన్న చిన్న కాగితపు ముక్కలు, చెదలు పట్టబోవుచున్నవి. బాబాయి వాటిని చిత్తు కాగితముల కుప్పలో వేసినాడు. మంచము మీద కూర్చున్న మామ్మ చూచి, "ఒరే, అవి పారీకండిరా. ఇటు తెండి" అన్నది. అవి మనియార్డరు రసీదులు. తాతయ్య నెల నెల ఊరికి పంపిన డబ్బు ముట్టినట్లు తపాలా వారు తిరిగి పంపిన ముక్కలు. ప్రతిదాని మీద ఒక వేలిముద్ర ఉన్నది. "మా అత్త ఏలిముద్రరా అది. మీ తాతని కన్న తల్లి. ఆవిడికి ఫోటో నేదు" అన్నది మామ్మ.

మేమెవ్వరమును మాటాడలేదు. ఆ తల్లి ముఖము మాలో ఎవరును చూడలేదు. ఆమె ఈ లోకములో వదలి పోయిన గుర్తు ఆ సిరాముద్రలే. మామ్మ ఒక్కొక్క రసీదు చేత పట్టుకొని ఇది మేనత్త పెండ్లికి పంపినది, ఇది ఎద్దు చచ్చినప్పుడు పంపినది, ఇది గాలివానకు ఇంటికప్పు పోయినప్పుడు పంపినది అని చెప్పినది. మేము వెనుకవైపున పెన్సిలుతో వ్రాసికొన్నాము. ఆ సాయంత్రము ఇల్లు సర్దుట ఏమియు జరుగలేదు. కాని జరుగవలసిన పని జరిగినది. మామ్మ ఆ మంచము మీద లేకున్న ఆ డబ్బా కిలో లెక్కన పోయి ఉండెడిది.

ఇక పని జరుపవలసిన విధము చెప్పెదము.

బేరము కుదిరిన పిమ్మట సర్దుట మొదలు పెట్టకూడదు. అప్పటికి కొనువాడు గుమ్మములో నిలబడి ఉండును, మనకు సెలవు చాలదు. ఇల్లు అమ్ముదమని అనుకొన్ననాడే మొదలు పెట్టి వారమునకొక గది చొప్పున తీయవలెను. అటకతో మొదలు పెట్టి, వంటిల్లు తరువాత తీసి, దేవుని గది చివర తీయుట మంచిది. అటక మీద ఉన్నవి ఏండ్ల తరబడి ఎవరును ముట్టనివి. మనసు నొచ్చుట తక్కువ. దేవుని గదితో మొదలు పెట్టిన పెద్దవారు మొదటి రోజుననే కన్నీరు పెట్టుకొందురు, పని అక్కడనే ఆగును. ఇంటి పెద్ద ముసలమ్మను పక్కగదిలో కూర్చుండబెట్టి మనము తీయుట అన్యాయము. ఆమె కుర్చీ నడుమ వేయవలెను. ప్రతి వస్తువును ఆమెకు చూపి, ఎవరిది, ఎక్కడిది అని అడుగవలెను. పారవేయుట ఆమె మాట మీద జరుగవలెను.

వస్తువులను నాలుగు కుప్పలు చేయవలెను: కాగితములు, ఇంటివారు తీసికొనిపోవునవి, ఒకరికి ఇచ్చునవి, పారవేయునవి. ఏది ఏ కుప్పయో తేలనిది కాగితముల కుప్ప పక్కన పెట్టి మరునాడు చూడవలెను.

కాగితములలో మొదటిది ఇంటి దస్తావేజు. నూరు రూపాయలు, ఆ పైన విలువగల స్థిరాస్తి అమ్మకము రిజిస్టరు కావలెనని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. అసలు దస్తావేజు, దానికి ముందటి దస్తావేజులు, పట్టా, మునిసిపాలిటీ పన్ను రసీదులు ఒక సంచిలో పెట్టవలెను. దస్తావేజు పోయినదని భయపడనక్కర లేదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీసికొనవచ్చును. తాతగారు వీలునామా వ్రాయకుండ పోయిన యెడల, ఆయన స్వార్జితములో భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు సమాన వాటాలని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము చెప్పుచున్నది. ఆయన తల్లి బ్రతికి ఉన్న ఆమెకును ఒక వాటా కలదు. అత్తవారింటికి పోయిన ఆడపిల్ల సంతకమెందుకని అనుకొన్నవారికి రిజిస్ట్రేషను రోజున తెలియును.

ఇక్కడ మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటున్నది. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. ఇక్కడివారు వెనుక వ్రాయుదురు. తాతగారి నౌకరి కాగితములో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరముగా ఉండును. దస్తావేజులో ఇంటిపేరు అసలే ఉండదు. పేరు చివరి "రావు" ఇంటిపేరైపోవును. కొడుకు బడి సర్టిఫికెట్టులో ఇంకొక రకముగా ఉండును. ముగ్గురును ఒకే ఇంటివారని చూపుటకు అఫిడవిట్లు చేయించవలసి వచ్చును. అప్పుడు పనికి వచ్చునవి మనము చిత్తుకాగితములనుకొన్న పాత రేషను కార్డు, పెండ్లి శుభలేఖ, రైల్వే పాసు కొరకు వ్రాసి ఇచ్చిన కుటుంబ సభ్యుల జాబితా. కనుక ఇంటి పేర్లున్న కాగితము ఎంత పాతదైనను అమ్మకము ముగియువరకు పారవేయకూడదు.

రైల్వేవారి ఇండ్లలో పెన్షను పేమెంటు ఆర్డరు తప్పక వెదకవలెను. భార్యకు ఫ్యామిలీ పెన్షను వచ్చుట అందరికి తెలియును. ఆమె తరువాత వితంతువైన కూతురికో, పెండ్లి కాని కూతురికో, తన కాళ్ళ మీద నిలబడలేని వికలాంగుడైన బిడ్డకో నిబంధనలననుసరించి వచ్చు వీలు కలదని చాలమందికి తెలియదు. ఆ కాగితము కబాడీవాని బండిలో పోయిన, ఒక అభాగ్యురాలి అన్నము పోయినట్లే.

పాత బ్యాంకు పుస్తకములు, పోస్టాఫీసు పుస్తకములు, ఎల్.ఐ.సి. పాలసీలు కనబడిన వేరుగా పెట్టవలెను. పదేండ్లు ఎవరును ముట్టని బ్యాంకు డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి పోవును. పోయినను మన హక్కు పోదు. వారసులు అడిగి తీసికొనవచ్చును. ఏ బ్యాంకులో ఏమున్నదో వెదకుటకు రిజర్వు బ్యాంకు 2023లో "ఉద్గమ్" అను ఏర్పాటు చేసినది. పిల్లలచేత చూపించుకొనుడు. దిండుగలేబులో పాత ఐదువందల, వెయ్యి నోట్లు దొరికిన మాత్రము ఆశపడకుడు. అవి 2016 నవంబరు 8 రాత్రితో చెల్లనివైనవి. పదికి మించి దగ్గర ఉంచుకొనుట 2017 చట్టము ప్రకారము జరిమానా పడు నేరము.

ఇంకొక మాట. అమ్మిన లాభము మీద ఆదాయపు పన్ను ఉండును. 2001 ఏప్రిల్ 1కి ముందు సంపాదించిన ఇల్లయిన ఆనాటి విలువను కొన్న ధరగా తీసికొనవచ్చును. ఆ తరువాత కొత్త గది వేసినను, పై అంతస్తు లేపినను ఆ ఖర్చు కూడ లెక్కకు వచ్చును. రసీదు లేని ఖర్చును ఒప్పించుట కష్టము. కనుక సిమెంటు, ఇనుము, మేస్త్రీ రసీదులు పారవేయకుడు. ఇది తెలిసిన ఆడిటరును అడిగి చేయవలసిన పని.

ఇక వంటింటికి వత్తము. గంగాళములు, గుండిగలు, బిందెలు, మరచెంబులు కనబడగానే పాత సామానులవాడు అన్నిటిని ఒక్క తక్కెడలో ఇత్తడి ధరకు తూచును. ఇత్తడి రాగి, తుత్తునాగము కలిసినది. కంచు రాగి, తగరము కలిసినది. తగరము ఖరీదైన లోహము గనుక కంచు ధర ఎక్కువ. గుర్తు పట్టుట సులభము. వ్రేలితో మీటిన కంచు గిన్నె చాలసేపు మ్రోగును. ఇత్తడి ముక్తసరిగా పలికి ఊరకుండును. మనకు భువనేశ్వరము దగ్గర బాలకాటిలో కంచు, ఇత్తడి పని చేయు కంసారులున్నారు. సొట్టలు పడిన కంచు కంచమును పారవేయుటకు ముందు వారికి చూపుడు. రోలు, తిరగలి, సన్నికల్లు మోసికొనిపోలేము. వాడుకొను ఇంటికి ఇచ్చిన మంచిది. మా సన్నికల్లు ఎదురింటి ఒడియా వారు అడిగి తీసికొన్నారు. ఇప్పటికిని దాని మీద ఆవాలు నూరుచున్నారు.

వస్తువులు పంచుకొనునప్పుడు అన్నదమ్ములు పొలము దగ్గర పోట్లాడరు గాని పందిరిమంచము దగ్గర పోట్లాడుదురు. దీనికి మేము చేసిన ఉపాయమిది. ఒక నోటుబుక్కులో వస్తువులన్నిటిని అంకెలు వేసి వ్రాసినాము. మామ్మ తనకు కావలసినవి ముందుగా తీసికొన్నది. తరువాత చిన్నవారి నుండి పెద్దవారి వరకు వంతు ప్రకారము ఒక్కొక్కటి కోరుకొన్నారు. ఎవరేది తీసికొన్నారో పక్కన వ్రాసి అందరును సంతకము చేసినారు. అత్తయ్య మొదటి వంతులోనే ఊరగాయ జాడీని కోరుకొన్నది. పందిరిమంచము ఎవరును కోరలేదు!

పుస్తకముల సంగతి చెప్పక తప్పదు. తెలుగు చదువని ఇంట తెలుగు పుస్తకము మొట్టమొదట బయటికి పోవును. 1908లో బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక వలస తెలుగువారి పత్రికయే. దాని ఉగాది సంచికలు, భారతి సంచికలు, చందమామలు, వావిళ్ళవారి ముద్రణలు మన అటకల మీద ఇంకను ఉన్నవి. వీటిని దాచి చదువరులకు ఇచ్చు సంస్థలు కలవు. 1918లో వెలసిన వేటపాలెము సారస్వత నికేతనము వంటివి వాటిలో పేరు గలవి. పారవేయుటకు ముందు అట్టివారికి ఒక ఉత్తరము వ్రాయుడు. తాటాకు గ్రంథము దొరికిన నీటితో తుడువకూడదు, ఎండలో పెట్టకూడదు, విరిగిన ఆకులను జిగురుతో అతికించకూడదు. గుడ్డలో చుట్టి భువనేశ్వరములోని ఒడిశా రాష్ట్ర మ్యూజియమువారికి చూపుడు. తాళపత్రములు చదువువారు, శుభ్రపరచువారు అక్కడ ఉన్నారు. అది తెలుగు లిపియైనను ఎవరికి పంపవలెనో వారు చెప్పగలరు.

నిజముగ పారవేయవలసినవి చాల ఉన్నవి. గడువు తీరిన మందులు, పగిలిన ప్లాస్టికు బక్కెట్లు, నూనె మురికి పట్టిన సీసాలు, ఎన్నడును బాగు చేయించని ఫ్యాను, మూతలు లేని డబ్బాలు, డబ్బాలు లేని మూతలు. వీటి మీద జాలి పడకుడు. కాని అన్నిటిని మంటలో వేయకుడు. పాత ట్యూబులైటులో పాదరసమున్నది, పాత టెలివిజను గాజులో సీసమున్నది. ప్లాస్టికు పొగ పిల్లల ఊపిరికి విషము. కర్ర, చీపురు, చాప భోగికి చాలును.

ఇల్లు ఖాళీ అయిన పిమ్మట కొనువారికి చూపుడు. ఖాళీ గది పెద్దదిగా కనబడును, వెలుతురు వచ్చును. అలమార వెనుక గోడ చెమ్మ అప్పుడే మనకును కనబడును. దానిని సున్నము కొట్టి దాచుదమని బుద్ధి పుట్టును. ఆ పని చేయకుడు. అమ్మువానికి తెలిసియుండి, కొనువాడు మామూలు శ్రద్ధతో చూచినను కనుగొనలేని లోపమును అమ్మువాడు చెప్పవలెనని ముందు చెప్పిన 1882 చట్టమే చెప్పుచున్నది. చట్టము సంగతి అటుంచి, మన తరువాత ఆ ఇంట ఉండబోవువారును ఎక్కడినుండియో వలస వచ్చినవారే అయి ఉందురు.

చివరగా మన సంఘమునకు ఒక మనవి. నెలకొక ఆదివారము సంఘ భవనములో ఒక బల్ల వేయుడు. తెలుగు చదువగల పెద్దలు ఇద్దరు, ఒడియా, ఇంగ్లీషు చదువగల యువకులు ఇద్దరు కూర్చుండవలెను. ఎవరింట పాత పెట్టె ఉన్న వారు తెచ్చి చదివించుకొందురు. ఏది ఉంచవలెనో, ఏది వదలవలెనో వారే నిర్ణయించుకొందురు. దీనికి చందా అక్కరలేదు, ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక దీపము చాలును. ఒడియా చదువు పనికి మొదటి ఆదివారము మేము వచ్చెదము. తెలుగు చదువుటకు ఎనుబది దాటిన పెద్దలు ఈ సభలో ఎందరో ఉన్నారు. వారు ఇప్పుడే చేయెత్తవలెనని కోరుచున్నాము. వారి కండ్లద్దములు బాగున్నన్నాళ్ళే ఈ పని జరుగును.

మీ అందరి ఇండ్లలో కొత్త సంవత్సరము చల్లగా గడచుగాక.